బాత్రూమ్ స్విచ్ గోడ దాటింది

మా బాత్రూమ్‌లో లైటు స్విచ్ లోపలే, షవర్ కుళాయికి రెండడుగుల దూరంలో ఉండేది. ఇరవై రెండేళ్ల కింద ఇల్లు కట్టినవాళ్లు అక్కడ ఎందుకు పెట్టారో వాళ్లకే తెలియాలి. అమ్మ తలస్నానం చేసి తడి చేత్తో దాన్ని నొక్కినప్పుడల్లా నాకు టెన్షన్. దీనికి తోడు, స్విచ్ కట్టేసినా రాత్రిపూట ఎల్‌ఈడీ బల్బు సన్నగా వెలుగుతూనే ఉండేది. బల్బే పాడైందనుకుని రెండుసార్లు మార్చాను.

మొదటి శనివారం

కొత్త బోర్డు బెడ్‌రూమ్ వైపు, సరిగ్గా పాతదాని వెనకే పెడదామనుకున్నా. కొలిచాక ఆ ఆలోచన మానుకున్నా. అది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. బాక్సు లోతు రెండంగుళాలు. రెండు బాక్సులు వీపుకి వీపు పెడితే మధ్యలో ఇటుక పెచ్చే మిగులుతుంది. తొమ్మిది అంగుళాలు పక్కకి జరిపి గీత గీశా.

మెయిన్ దించేశాను కదా అని పాత ప్లేటు విప్పా. అలవాటుకొద్దీ టెస్టర్ ఆనిస్తే వెలిగింది! చెయ్యి వెనక్కి లాగేసుకున్నా. ఇన్వర్టర్ సంగతే మర్చిపోయా. మెయిన్ దించితే కరెంటు పోయిందనుకుని అది అందుకుంది. దాన్నీ ఆపి, మళ్లీ చూశాకే పని మొదలుపెట్టా. టెస్టర్ వెలగలేదంటే అది బాగానే ఉందా అని కూడా చూసుకోవాలి. కరెంటున్న సాకెట్‌లో ముందే ఓసారి పెట్టి చూడటం మంచిది.

ఆదివారం

కటింగ్ మెషిన్‌తో రెండు గీతలు కోసి, మధ్యది సుత్తి, ఉలితో తీశా. దుమ్ము గురించి చెప్పక్కర్లేదు, మంచం మీద దుప్పటి ఎర్రమట్టి రంగుకొచ్చింది. అడ్డంగా కొట్టే గాడి గోడను బలహీనం చేస్తుంది కాబట్టి పైపు పట్టేంత లోతే కొట్టా. పాత బాక్సు వీపులోంచి గాడిలోకి ఏటవాలుగా బెజ్జం. టైల్ ఒక్కటీ పగల్లేదు. ముప్పావంగుళం పైపుకి ఠక్కున మలుపు తిరిగే ఎల్బో వేస్తే వైరు ఇరుక్కుంటుందని వంపు తిరిగిన బెండే వాడా.

రెండో శనివారం

వైర్ల పనికి మాత్రం మా వీధి ఎలక్ట్రీషియన్ అన్నను పిలిచా. పాత బాక్సులో జాయింట్లు వేసి పొడిగిద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. ‘తడి గోడలో జాయింటొద్దు తమ్ముడూ, పైనుంచి కొత్తదే లాగుదాం.’ పాత వైరు కొసకి కొత్త 1.5 చదరపు మిల్లీమీటర్ల వైర్లు కట్టి, కొంచెం పౌడరు రాసి లాగాం. మొదటిసారి ముడి జారిపోయింది. రాగి పోగుల్ని కొక్కెంలా మెలేసి టేపు చుట్టాక వచ్చాయి.

అసలు విషయం వైర్లన్నీ కలిసే జంక్షన్ బాక్సు విప్పాక బయటపడింది. వైర్లన్నీ ఒకే పసుపు రంగు, ఏది ఏదో తెలీదు. ఆయన సప్లై ఇచ్చి, బల్బు తీసి, స్విచ్ కట్టేసి, హోల్డర్ పిన్నుకి టెస్టర్ ఆనించారు. వెలిగింది. స్విచ్ ఇన్నాళ్లూ న్యూట్రల్‌ని, అంటే కరెంటు తిరిగెళ్లే వైరుని ఆపుతోంది, కరెంటు తెచ్చే ఫేజు నేరుగా హోల్డర్‌కి పోతోంది. రాత్రిపూట ఆ సన్నటి వెలుగు దానివల్లే. స్విచ్ కట్టేశాను కదా అన్న ధైర్యంతో స్టూలెక్కి బల్బులు మార్చింది నేనే!

ఫేజుకి ఎరుపు, న్యూట్రల్‌కి నలుపు వేసి, ఫేజుని స్విచ్‌లోంచి తిప్పారు. పాత బాక్సులో ఇప్పుడు జాయింట్లు లేవు, వైర్లు దాటి వెళ్తాయంతే. దానిమీద ఖాళీ ప్లేటు బిగించి, అంచుకి సిలికాన్ పూశా.

గాడి పూడ్చడానికి సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు చొప్పున మాలు కలిపా. ఇటుకల్ని తడపకుండా పూసిన మొదటి పూత వెంట్రుకంత బీటలిచ్చింది. గీకేసి, బాగా తడిపి, చికెన్ మెష్ పెట్టి మళ్లీ పూశా. ఇప్పుడు రోజుకి మూడుసార్లు తడుపుతున్నా. అది ఆరాకే లప్పం, రంగు. అప్పటిదాకా ఆ బూడిదరంగు పట్టీకి అడ్డంగా క్యాలెండర్ తగిలించాలని అమ్మ పట్టు.