చామంతుల ఊరి ఆడబిడ్డ

తైవాన్ రాజధాని తైపేలో మెట్రో ఎక్కగానే స్టేషన్ పేరు నాలుగు భాషల్లో వినపడింది. మాండరిన్, ఇంగ్లీషు, తైవానీస్, ఆఖరున హక్కా, అంటే అక్కడి హక్కా అనే చైనీయ సమూహం మాట్లాడే భాష. ఒకప్పుడు బడిలో హక్కా మాట పిల్లల నోట్లోంచి వస్తే జరిమానా వేసేవారు. మా అమ్మభాష మాకివ్వమంటూ 1988 డిసెంబరులో హక్కావాళ్లు ఇదే నగరంలో ఊరేగింపు తీశారు.

యే జ్యూలాన్ అనే హక్కా నాయకురాలి కథ వెతుక్కుంటూ మిన్‌చువాన్ తూర్పు రోడ్డు పక్క సందులోకి వెళ్లాను. ఆమె భర్త, సంపాదకుడు జెంగ్ నాన్‌రుంగ్ పత్రిక నడిపిన ఆఫీసు అక్కడే. స్వతంత్ర తైవాన్ రిపబ్లిక్‌కు రాజ్యాంగ ముసాయిదా అచ్చేసినందుకు ఆయన మీద రాజద్రోహం కేసు పెట్టారు. అరెస్టుకు ఒప్పుకోక 71 రోజులు ఆ ఆఫీసు గడప దాటలేదు. 1989 ఏప్రిల్ 7న పోలీసులు పట్టుకోవడానికి వస్తే ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఆ గదిని అలాగే ఉంచారు, మసి పట్టిన గోడలతో సహా. చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేకపోయాను.

యే జ్యూలాన్ హక్కా మనిషి. అంతకుముందు ప్రకటనల కంపెనీలో పనిచేసేది. ఇంట్లో చిన్నారి కూతురు. ఆ ఏడాది డిసెంబరులోనే పోటీ చేసి శాసనసభకు గెలిచింది. సానుభూతి ఓటు అని తేల్చేయడం అన్యాయం. సానుభూతి ఒక ఎన్నిక దాటిస్తుందేమో, పదేళ్లు నిలబెట్టదు. 2000లో రవాణా మంత్రి, 2004లో ఉప ప్రధాని. అంత పదవి చేశాక 2005లో కావోశ్యుంగ్‌కు తాత్కాలిక మేయరుగా వెళ్లి, ఏడాదికి పైగా ఆ నగరాన్ని నడిపింది. నా మనసుకు పెద్దదనిపించింది మాత్రం 2002లో చేపట్టిన ప్రభుత్వ హక్కా వ్యవహారాల మండలి బాధ్యత. ఆ మరుసటేడు జులైలో హక్కా టీవీ మొదలైంది. వంటింట్లో నలిగిన భాషలో వార్తలు చదివారు!

మర్నాడు రైల్లో మ్యావ్‌లీ జిల్లాలోని తుంగ్‌లువోకి, ఆమె పుట్టిన ఊరికి వెళ్లాను. నవంబరు కదా, పొలాల నిండా తెల్ల చామంతులు. ఆమె పేరులో 'జ్యూ' అంటే చామంతే. దుకాణంలో ఒక మామ్మగారు నాలుగు ఎండబెట్టిన పూలు గాజు గ్లాసులో వేసి వేడినీళ్లు పోశారు. ముడుచుకున్న రేకులు మెల్లగా విప్పుకుంటుంటే వగరు కలిసిన తీపివాసన. మూలనున్న టీవీలో హక్కా పాట వస్తోంది. ఆవిడ హక్కాలో పలకరిస్తే, మనవడు మాండరిన్‌లో జవాబిస్తున్నాడు. అది చూస్తే గుండె కలుక్కుమంది.

హక్కాలో కృతజ్ఞత ఎలా చెప్పాలని ఆ కుర్రాణ్ణి ఇంగ్లీషులో అడిగాను. వాడు మామ్మ వైపు చూశాడు. "సిన్‌ముంగ్ ఞి" అన్నారావిడ. ముందు వాడు పలికాడు, తర్వాత నేను. ఇద్దరి చేతా ఇంకోసారి అనిపించాకే పూల పొట్లం కట్టి ఇచ్చారు.