వచ్చలేదు

మా అబ్బాయికి అయిదేళ్లు నిండిన వేసవిలో, కావలిలోని మా అమ్మ వాళ్లింటి అరుగు మీద కూర్చొని వీధి చివరకు చూస్తూ, వాడు "అమ్మమ్మా, పాలు వచ్చలేదు" అన్నాడు. మా అమ్మ వంటింట్లోంచే "ఇంకా రాలేదా నాయనా? వస్తాయిలే" అంది. నేను మాత్రం ఊరుకోలేక, "వచ్చలేదు అనకూడదు, రాలేదు అనాలి, ఏదీ మళ్లీ చెప్పు" అని నలుగురిలో దిద్దాను. అక్కడే ఉన్న మా పెద్దమ్మ మనవలు ఆ మాటను పట్టుకొని రెండు రోజులు ఆటపట్టించారు. ఆ సెలవులు ముగిసేదాకా వాడు తల ఊపడమో, ఇంగ్లీషులో నాకు చెప్పి నా చేత చెప్పించడమో తప్ప, తెలుగులో ఒక్క పూర్తి వాక్యం మాట్లాడలేదు. తెలుగు నేర్పాలన్న ఆరాటంతో వాడిని ఊరికి తీసుకువచ్చి, ఉన్న కాస్త తెలుగునూ నేనే మూయించానని అప్పట్లో నాకు తోచలేదు.

మేముండేది ఇంగ్లండులోని రెడింగ్‌లో. ఆ తరువాత రెండేళ్లకు, ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పాలన్న కోరికతో పీజీసీఈ అనే ఏడాది కాలపు ఉపాధ్యాయ శిక్షణలో చేరాను. ఇంటి భాష ఇంగ్లీషు కాని పిల్లల గురించి చదువుతుండగా, భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లో రాసిన వ్యాసం ఒకటి నా కంటపడింది. నోరు జారి దొర్లే పొరపాటు వేరనీ, నేర్చుకొనేవాడు మళ్లీ మళ్లీ ఒకే తీరున చేసే తప్పు వేరనీ, ఈ రెండోది వాడి బుర్రలో అప్పటికి తయారైన వ్యాకరణాన్ని మనకు చూపిస్తుందనీ ఆయన వాదన. 1972లో లారీ సెలింకర్ ఆ వ్యాకరణానికి ఇంటర్‌లాంగ్వేజ్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చాడు. అది ఇంటి భాషా కాదు, నేర్చుకొంటున్న భాషా కాదు. తనవైన నియమాలున్న మరో భాష.

ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర కూర్చొని 'వచ్చలేదు'ను కాగితం మీద పెట్టి చూశాను. నవ్వాను, నవ్వలేదు. ఎక్కాను, ఎక్కలేదు. తాగాను, తాగలేదు. అలాంటప్పుడు వచ్చాను, వచ్చలేదు కాక మరేమవుతుంది? వాడు 'ఇచ్చలేదు', 'తెచ్చలేదు' అని కూడా అనేవాడన్నది అప్పుడు గుర్తుకు వచ్చింది. మా ఇంట్లో గానీ, కావలిలో గానీ ఎవరూ 'వచ్చలేదు' అనరు కాబట్టి, అది విని పట్టుకున్న మాట కాదు. పదిమంది నోట విన్న మాటల్లోంచి ఒక సూత్రం లాగి, దాన్ని ఇంకొక క్రియకు తగిలించి వాడు సొంతంగా కట్టుకున్న మాట. 'వచ్చు' అన్న క్రియ వ్యతిరేకార్థంలో 'రా' రూపం తీసుకుంటుందనీ, రాను, రాలేదు, రాకు అన్నవన్నీ అలా వచ్చినవేననీ నాకైనా ఎవరు చెప్పారు? ఇంగ్లీషు పిల్లలు 'వెంట్' అనవలసినచోట 'గో'కు 'ఎడ్' తగిలిస్తే ముచ్చటపడే నేను, నా కొడుకు తెలుగులో అదే పని చేసినందుకు పరువు పోయినట్టు బాధపడ్డాను.

శిక్షణలో భాగంగా నేను వెళ్లిన బడిలో నేపాలీ మాట్లాడే పాప ఒకతె ఆరు వారాలపాటు నోరు విప్పలేదు. నాకు మార్గదర్శిగా ఉన్న టీచరు, ఆ పాపను కదిలించవద్దనీ, వింటోందనీ చెప్పారు. ఒకనాడు మంచినీళ్ల కొళాయి దగ్గర ఎవరో ముందుకు తోసుకు వస్తే, "ఇట్స్ మై టర్న్" అని ముక్క విరగకుండా అన్నది.

అర్థమయ్యే భాష తగినంత చెవిన పడితే చాలు, మాట దానంతట అదే వస్తుందని స్టీఫెన్ క్రాషెన్ సిద్ధాంతం. ఆ పాప విషయంలో అది నిజమే అనిపించింది గానీ, మా ఇంటి అనుభవంతో నాకు పొసగలేదు. పుట్టిన నాటినుంచి తెలుగు వింటూనే ఉన్న మావాడు, నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేవాడు, ఎందుకంటే నాకు ఇంగ్లీషు వచ్చునని వాడికి తెలుసు. కెనడాలో ఏళ్ల తరబడి ఫ్రెంచి మాధ్యమంలో చదివిన పిల్లలు బాగా అర్థం చేసుకుంటున్నా, మాట్లాడేటప్పుడు వ్యాకరణంలో ఎందుకు వెనుకబడ్డారో పరిశీలించి, 1985లో మెరిల్ స్వెయిన్ వినడంతో సరిపోదనీ, మాట్లాడవలసిన అవసరం కూడా పడాలనీ అన్నది. నా ఓటు ఆమెకే.

మరుసటి వేసవిలో ఆ అవసరం కావలిలో మా అమ్మ వాళ్ల వీధిలోనే దొరికింది. పక్కింటి అబ్బాయి సర్కారు బడిలో నాలుగో తరగతి. వాడికి ఇంగ్లీషులో వాదించడం రాదు, మావాడికి క్రికెట్లో ఓడిపోవడం రాదు. రెండో రోజు సాయంత్రానికి "బాల్ తగల్లేదు! బ్యాటుకి తగల్లేదు!" అన్న అరుపు వీధంతా వినిపించింది. ఒక మధ్యాహ్నం పక్కింటి అబ్బాయి, ఒక పేజీ తెలుగూ ఎదురు పేజీ ఇంగ్లీషూ ఉండే తన పాఠ్యపుస్తకం తెచ్చి, ఇంగ్లీషు పాఠాన్ని గడగడా చదివి, అర్థం చెప్పమన్నాడు. అర్థం తెలిసిన మావాడు తెలుగులో చెప్పలేక తడుముకుంటుంటే, ఆ అబ్బాయి ఎదురు పేజీ చూపించి "ఇదేనా?" అన్నాడు. ఆ తెలుగు చదవడం మావాడికి రాదు. జిమ్ కమిన్స్ 1979లో ముచ్చట్ల భాషకూ చదువు భాషకూ మధ్య గీసిన గీత అరుగు మీద అలా కనిపించింది.

నేను దిద్దడం మానేశాను. మా అమ్మ ఆనాడు వంటింట్లోంచి చేసినట్టు, వాడి మాటనే సరిచేసి తిరిగి అంటున్నాను. దీన్ని శిక్షణలో రీకాస్ట్ అంటారు. అయితే తరగతి గదుల్లో ఉపాధ్యాయులు అన్నిటికంటే ఎక్కువగా వాడేదీ, పిల్లలు తమ తప్పు తామే దిద్దుకొనేలా చేయలేకపోయేదీ ఇదేనని 1997లో లిస్టర్, రాంటా అన్న పరిశోధకులు చూపించారు. ఇంట్లో తొందరేముంది అనుకున్నాను. 'వచ్చలేదు' ఎప్పుడు 'రాలేదు' అయిందో నేను గమనించనే లేదు.

తిరుగు ప్రయాణం రోజున కావలి స్టేషనులో చెన్నై బండి కోసం నిలబడ్డప్పుడు, వాడు "అమ్మమ్మా, రేపు రాత్రికి మనం రెడింగ్‌లో ఉంటాం" అన్నాడు. ఇంగ్లీషులో ఉన్నది ఒక్కటే 'వుయ్'. ఎదుటి మనిషిని కలుపుకొని మనం, విడిచి మేము అనాలన్న తేడాను వాడు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? నా నోటిదాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. మా అమ్మ "నన్ను గూడా తీసుకుపోతుండావా అబ్బయా?" అన్నది. వాడు కాసేపు ఆలోచించి, "నీకు టికెట్టు లేదు కదా" అన్నాడు. 'మేము' అన్న మాట మాత్రం ఇంకా రాలేదు.