డాబా మీద పెరాక్సీ రాడికల్స్: లెక్క ఎంతదాకా వచ్చింది

గాలిలోని కాలుష్యాలను విరగ్గొట్టే అతి చురుకైన శకలం హైడ్రాక్సిల్ రాడికల్‌ని ఇంట్లో నేరుగా కొలవలేం. మిట్టమధ్యాహ్నం కూడా ఘన సెంటీమీటరు గాలిలో అవి పది లక్షల నుంచి కోటి దాకా మాత్రమే ఉంటాయి. అదే గాలిలో మొత్తం అణువులు 25 పక్కన 18 సున్నాలు. పైగా పుట్టిన రాడికల్ సెకను కూడా ఉండదు. దాన్ని పట్టాలంటే 308 నానోమీటర్ల లేజర్, వాక్యూమ్ పంపు కావాలి. అందుకే నేను కొలవడానికి దాని చుట్టాలైన పెరాక్సీ రాడికల్స్‌ని, అదీ పరోక్షంగా, ఎంచుకున్నాను.

ఎండకు ఎన్‌ఓటూ (నైట్రోజన్ డయాక్సైడ్) విడిపోతే ఎన్‌ఓ (నైట్రిక్ ఆక్సైడ్), ఓజోన్ వస్తాయి. ఆ రెండూ కలిసి మళ్లీ ఎన్‌ఓటూ అవుతాయి. ఈ రాకపోకలు సమానమైతే ఎన్‌ఓ ఎంత ఉండాలో లెక్క కట్టొచ్చు, ఇది 1961 నాటి లైటన్ సంబంధం. పెరాక్సీ రాడికల్స్ కూడా ఎన్‌ఓని తినేస్తాయి కాబట్టి, అవి ఉంటే కొలిచిన ఎన్‌ఓ లెక్కకన్నా తగ్గుతుంది. ఓజోన్ 40 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 40), ఎన్‌ఓటూ 10 పీపీబీ, విడిపోయే రేటు సెకనుకు 0.008 అనుకుంటే ఎన్‌ఓ 4.3 దగ్గర ఉండాలి. 20 పీపీటీ (పీపీబీలో వెయ్యో వంతు ఒక పీపీటీ) రాడికల్స్ ఉంటే 3.5కి దిగుతుంది. నేను వెతికేది ఆ 0.8 పీపీబీ తేడానే. ఓజోన్, ఎన్‌ఓ, ఎన్‌ఓటూ, ఎండ, వీటిలో ఏది తప్పుగా కొలిచినా ఆ తప్పు రాడికల్ లాగే కనిపిస్తుంది. నా టెన్షన్ అంతా అదే.

గాలిని సెన్సర్ దాకా తెచ్చే ట్యూబు సంగతే చూడండి. ట్యూబులో చీకటి. విడిపోవడం ఆగిపోతుంది, ఓజోన్ మాత్రం ఎన్‌ఓని తింటూనే ఉంటుంది. 40 పీపీబీ ఓజోన్ ఉన్న గాలి పది సెకన్లు లోపల ఉంటే ఎన్‌ఓలో ఆరో వంతు పోతుంది. రాడికల్స్ చూపించే తగ్గుదలా దాదాపు అంతే! అందుకే 4 మిల్లీమీటర్ల టెఫ్లాన్ ట్యూబు అర మీటరు మాత్రమే వాడి, నిమిషానికి లీటరు లాగే పంపు పెట్టాను. గాలి అర సెకను లోపే సెన్సర్ చేరుతుంది. రబ్బరు, సిలికాన్ ట్యూబులు వద్దు, ఓజోన్‌ని అవే మింగేస్తాయి.

ఎన్‌ఓ సెల్‌తో (ఎన్‌ఓని కొలిచే సెన్సర్) ఇంకో బాధ, వేడి పెరిగితే దాని జీరో (ఎన్‌ఓ లేనప్పుడు చూపే అంకె) పైకి లేస్తుంది. హైదరాబాద్ మే నెల ఎండకు అది ఊహించినదే. సెన్సర్ల పెట్టెని వాటర్ ట్యాంక్ నీడలోకి మార్చి తెల్ల రంగు వేశాను. రాత్రి చల్లదనంలో తీసిన జీరో మధ్యాహ్నానికి పనికిరాదు కాబట్టి, త్రీవే వాల్వ్‌తో పగలు కూడా జీరో గాలి (ఎన్‌ఓ తీసేసిన గాలి) పంపిస్తున్నాను. ఉత్త బొగ్గు ఎన్‌ఓని సరిగా పట్టదు. ముందు పర్మాంగనేట్ పట్టించిన అల్యూమినా గుళికలు, తర్వాత యాక్టివేటెడ్ చార్‌కోల్ ఉండాలి. సిలికా జెల్ పెట్టలేదు, గాలి ఒక్కసారిగా పొడిబారితే సెల్ చాలాసేపు ఊగుతుంది.

ఎండ కొలవడానికి 400 నానోమీటర్ల ఎల్‌ఈడీని తిరగేసి డిటెక్టర్‌గా వాడాను, పైన టెఫ్లాన్ షీటు. అమెరికన్ ఔత్సాహిక శాస్త్రవేత్త ఫారెస్ట్ మిమ్స్ చూపించిన దారి ఇది, చవకగా బాగా పనిచేస్తుంది.

పోలిక కోసం సనత్‌నగర్ కాలుష్య కొలత స్టేషన్‌కి దగ్గర్లో ఒక మిత్రుడి డాబా మీద పెట్టె ఉంచాను. స్టేషన్ అంకెలు ఘన మీటరుకు మైక్రోగ్రాముల్లో ఉంటాయి. 25 డిగ్రీల దగ్గర ఓజోన్‌ని 1.96తో, ఎన్‌ఓటూని 1.88తో, ఎన్‌ఓని 1.23తో భాగిస్తే పీపీబీ వస్తుంది. ఒక జాగ్రత్త: ఇలాంటి స్టేషన్లలో ఎక్కువగా వాడే మాలిబ్డినం కన్వర్టర్ (ఎన్‌ఓటూని ఎన్‌ఓగా మార్చి కొలిచేందుకు పెట్టే భాగం) నైట్రిక్ ఆమ్లం వంటివాటిని కూడా ఎన్‌ఓటూగా లెక్కేస్తుంది. ఎన్‌ఓటూ పెరిగితే లెక్కలో ఉండాల్సిన ఎన్‌ఓ కూడా పెరుగుతుంది, అంటే లేని రాడికల్స్ కనిపిస్తాయి. అందుకే ఎన్‌ఓటూ పోలికకు తాజా పొగ ఎక్కువగా ఉండే ఉదయం వేళల్నే నమ్ముతున్నాను. రాడికల్ లెక్కకు మాత్రం రోడ్డు వైపు నుంచి గాలి వచ్చిన రీడింగులు తీసేస్తాను, తాజా పొగ సమతూకానికి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

ఇన్ని చేసినా ఎన్‌ఓ జీరో ఇంకా 1 పీపీబీ అటూ ఇటూ పోతోంది. వెతికే తేడా కంటే అది ఎక్కువ, కాబట్టి రాడికల్స్ కనిపించాయని ఇంకా చెప్పను. ఇక రెండో ఎన్‌ఓ సెల్ తెప్పించి, రెండింటినీ ఒకే అల్యూమినియం దిమ్మలో బిగించి, ఒకదానికి ఎప్పుడూ జీరో గాలే ఇస్తాను. వేడికి రెండూ ఒకేలా కదిలితే తేడాలో అది కొట్టుకుపోవాలి.