ఎక్కడం కాదు, దిగడమే నేర్చుకున్నా: అహోబిలం కొండ మీది ఉగ్రస్తంభం దాకా ఆరు వారాలు

మొదటి వారం: వికారాబాద్ స్టేషన్‌లో దిగి, ఆటోలో అనంతగిరి గుడి దాకా వెళ్లాను. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. గుడి దగ్గర మొదలుపెట్టి అడవి బాటలో ఆరు కిలోమీటర్లు నడిచాను, రెండు గంటలు పట్టింది. ఆయాసం వచ్చింది కానీ తట్టుకున్నాను. అసలు దెబ్బ సోమవారం తెలిసింది. మెట్లు ఎక్కగలుగుతున్నా, దిగబోతే మోకాళ్లు వణుకుతున్నాయి.

రెండో వారం: మళ్లీ అనంతగిరే, ఈసారి కొత్త బూట్లతో. దిగేటప్పుడు బొటనవేలు బూటు ముందు భాగానికి కొట్టుకుని గోరు నల్లబడింది. తప్పు నాదే, పొద్దున్నే వెళ్లి పలచని సాక్సులతో కొలత చూసుకున్నాను. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది. అప్పుడు, నడకకు వేసుకునే మందం సాక్సులతోనే చూసుకోవాలి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. దిగే ముందు చీలమండ దగ్గర లేసులు బిగించి కట్టుకుంటే పాదం ముందుకు జారదు.

మూడు నుంచి ఐదు వారాలు: కొండ లేదు, మా అపార్ట్‌మెంటే. లిఫ్టులో పదో అంతస్తుకు వెళ్లి, మెట్ల మీదుగా నెమ్మదిగా దిగడం. మొదట్లో మూడుసార్లు, చివరికి ఎనిమిది. తొడ కండరాలకు కావాల్సిన కసరత్తు ఇదే. "లిఫ్టు పైకే పనిచేస్తోందా సార్?" అని వాచ్‌మన్ అడిగాడు.

ఆరో వారం, అహోబిలం: ఆళ్లగడ్డ మీదుగా ముందురోజే చేరుకుని, ఎగువ అహోబిలంలో ఆరింటికి నడక మొదలుపెట్టాను. ఊతకర్ర అక్కడే కొన్నాను. మొహమాటపడకుండా తీసుకోండి. బిస్కెట్ ప్యాకెట్ మాత్రం చేతిలో పట్టుకోవద్దు, కోతులు ఊరుకోవు.

భవనాశి వాగు వెంట రాళ్లబాట. జ్వాలా నరసింహస్వామి గుడి దాకా చాలామందే వస్తారు, అక్కడి నుంచి చాలామంది వెనక్కి తిరుగుతారు. ఆ పైన బాట నిట్టనిలువు, రాళ్లు పట్టుకుని ఎక్కాలి. తోడు లేకుండా వెళ్లొద్దు. నాతో వచ్చిన గైడు కుర్రాడు ఒకటే చెప్పాడు: "తట్టి చూసి కాలు పెట్టు సార్, కొన్ని కదుల్తాయి."

పైన ఉగ్రస్తంభం, నరసింహస్వామి వెలిశాడని చెప్పే చీలిన బండ. స్వామి పాదాలు, నిలవనివ్వని గాలి. అక్కడ కూర్చుని, నా దగ్గరున్న రెండు లీటర్ల నీళ్లూ తాగేశాను, అదీ నా తెలివి! దిగేటప్పుడు నోరు పిడచకట్టుకుపోయింది. గైడు తన సీసా ఇచ్చాడు, నా దగ్గరున్న ఓఆర్‌ఎస్ పొడిలో సగం అందులో కలుపుకుని ఇద్దరం తాగాం.

ఎక్కడానికి రెండున్నర గంటలు, దిగడానికి దాదాపు మూడు. మర్నాడు పిక్కలు పట్టేశాయి, మోకాళ్లు మాత్రం మాట విన్నాయి.

తర్వాతది అహోబిలంలోనే ఉన్న పావన నరసింహస్వామి గుడి బాట. జీపులు వెళ్తాయంటున్నారు, నాకు నడిచే వెళ్లాలని ఉంది. ఈసారి మూడు లీటర్లు.