సర్టిఫికెట్టు నాది, పూచీ సంఘానిది

విజయవాడలో ఏసీ మెకానిక్కుకు ఫిబ్రవరి చివరి నుంచి రోహిణి కార్తె దాటేదాకా పని వెతుక్కునే అవసరం రాదు. ఇబ్బంది ఆ తరువాతే. వానలు పడగానే ఇళ్ల నుంచి ఫోన్లు ఆగిపోతాయి. అప్పుడు మమ్మల్ని నిలబెట్టేవి ఆసుపత్రులు, ల్యాబులు, బ్యాంకుల ఏడాది కాంట్రాక్టులు. మేము ఏఎంసీ అంటాం. నేను పదో తరగతి కాగానే గవర్నర్‌పేటలో ఒక షాపులో హెల్పర్‌గా చేరి పని నేర్చుకున్నాను, ఐటీఐ చదవలేదు. ఇళ్లలో ఈ సంగతి ఎవరూ అడగరు, గది చల్లబడితే చాలు వారికి. ఏఎంసీ ఇచ్చేచోట మాత్రం మొదట అడిగేది అదే. నేను చాలాకాలంగా చూస్తున్న ఒక ల్యాబుకు కొత్త మేనేజరు వచ్చారు. రాగానే కాంట్రాక్టు ఫారంతో పాటు అర్హత పత్రం జత చేయమన్నారు. పాత బిల్లులన్నీ చూపించాను. "ఇవి బిల్లులండీ, అర్హత కాదు" అన్నారు. ఆయన వైపు నుంచి చూస్తే అదీ సబబే.

మెకానిక్కుల సంఘంలో నేను అప్పటికే సభ్యుణ్ణి. చేరింది గుర్తింపు కార్డు కోసం. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే పనికొస్తుంది కదా. సమావేశాలకు వెళితే టీ, పకోడీ, సర్వీసింగ్ రేటు మీద వాదన, ఇంతే అనుకునేవాణ్ణి. ఈసారి ల్యాబు సంగతి చెప్పేసరికి కార్యదర్శి గారు, "పని నీ చేతిలో ఉందయ్యా, దాని మీద ముద్ర లేదు. ఆర్‌పీఎల్ రాయి" అన్నారు.

ఆర్‌పీఎల్ అంటే బడిలో కాకుండా పనిలో నేర్చుకున్న విద్యకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో అది ఒక భాగం. పని ఇదివరకే వచ్చు కాబట్టి నెలల తరబడి కోర్సు ఉండదు. కొద్ది గంటల తరగతులు, ఆ తరువాత పరీక్ష. మా పనికి అందులో పెట్టిన పేరు ఫీల్డ్ టెక్నీషియన్, ఎయిర్ కండిషనర్. ప్రభుత్వానికి మామీద ఇంత శ్రద్ధ ఎందుకో నాకు తరగతిలోనే తెలిసింది. 2019 మార్చిలో కేంద్రం విడుదల చేసిన కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో లక్ష మంది సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని రాసుకున్నారు. మేము గాలిలోకి వదిలేసే గ్యాసే అందుకు కారణం.

అసలు చిక్కు కాగితాల దగ్గర వచ్చింది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు సరే, అనుభవం ఉన్నట్టు రుజువు ఎక్కడ తెచ్చేది? మా రంగంలో శనివారం సాయంత్రం జీతం చేతిలో పెడతారు, చీటీ ఉండదు. నాకు పని నేర్పిన షాపు ఎప్పుడో మూతపడింది. సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇస్తామన్నారు గానీ, ఇద్దరు పాత సభ్యులు పూచీగా సంతకం చేయాలన్నది నియమం. ఒకాయన వెంటనే చేశారు. రెండో ఆయన పటమటలో పెద్ద షాపు ఉన్నాయన. మా గురువుగారికీ ఆయనకూ ఒకప్పుడు పడేది కాదు. సంతకం అడిగితే ఫోనులోనే పరీక్ష పెట్టారు. "ఫ్యాను తిరుగుతోంది, కంప్రెసర్ ఎత్తుకోవడం లేదు. కెపాసిటర్ పోయిందా, వైండింగ్ పోయిందా, ఎలా తేలుస్తావు?" ముందు కెపాసిటర్ విప్పి మైక్రోఫారడ్లు చూస్తాను, అది బాగుంటే మూడు టెర్మినళ్ల మధ్య ఓములు కొలుస్తాను, బాడీకి షార్ట్ ఉందేమో కూడా చూస్తాను అన్నాను. "సరే, రా" అన్నారు. అసలు పరీక్షకన్నా అదే గట్టి పరీక్ష.

ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరంగా ఉండటంతో పోర్టల్ నన్ను కొన్నాళ్లు ఒప్పుకోలేదు. అది అందరికీ తెలిసిన బాధే, వదిలేద్దాం.

సంఘం లేకపోతే ఈ పని జరిగేదే కాదని నాకు అనిపించింది తేదీల దగ్గర. శిక్షణ సంస్థ వారు బ్యాచ్‌ను ఏప్రిల్‌లో పెట్టారు. ఏప్రిల్‌లో ఏసీ మెకానిక్కును తరగతిలో కూర్చోబెట్టడమంటే కోతల్లో రైతును పెళ్లికి పిలవడమే. ఒక్కణ్ణే అయితే వస్తే రా, లేకపోతే మానుకో అనేవారు. కార్యదర్శి గారు బ్యాచ్‌కు సరిపడా పేర్లు పట్టుకుని వెళ్లి, జూలైలో అయితే అందరం వస్తాం, లేకపోతే ఒక్కరూ రారని చెప్పారు. జూలై ఖాయమైంది. సాధనాలదీ అదే కథ. మంచి వాక్యూమ్ పంపు, ఆ వాక్యూమ్‌ను కొలిచే మైక్రాన్ గేజ్, నైట్రోజన్ రెగ్యులేటర్ కొనే స్తోమత మాలో అందరికీ లేదు. సంఘం ఒక సెట్టు కొని, ప్రాక్టికల్స్‌కు ముందు సాయంత్రాలు మా చేత సాధన చేయించింది. ఇప్పుడు దాన్నే రోజు అద్దెకు ఇస్తున్నారు.

తరగతుల్లో కస్టమరుకు నమస్కారం ఎలా పెట్టాలో చెప్పిన గంటలు నాకు దండగ అనిపించాయి. గ్యాసుల పాఠం మాత్రం గంటల తరబడి విన్నా విసుగు రాలేదు. పాత ఏసీల్లోని గ్యాసు ఆర్-22 ఓజోన్ పొరను తింటుంది, మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2030 నాటికి దాదాపుగా పక్కకు తప్పుకోవాలి. దాని తరువాత వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌ను ఏమీ చేయదు కానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు రెండు వేల రెట్ల పైమాట. అది రెండు గ్యాసుల మిశ్రమం, అందుకే సిలిండర్ తలకిందులు చేసి ద్రవంగానే ఎక్కించాలి. దాని ప్రెజర్లూ వేరు. ఆర్-22కు సక్షన్ వైపు, అంటే గ్యాసు కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే వైపు, 65, 70 పీఎస్ఐ దగ్గర ఆగే ముల్లు, దీనికి 120 దాటుతుంది. పాత గేజ్ సెట్ దానికి చాలదు. ఇప్పుడు ఇళ్లలోకి వస్తున్న ఆర్-32కు ఆ వేడెక్కించే గుణం 675 రెట్లే, కానీ కొద్దిగా మండే స్వభావం ఉంది. మూసిన గదిలో లీకు పెట్టుకుని టార్చ్ వెలిగించకూడదు. ఏటా గ్యాస్ అయిపోతుందని నమ్మే కస్టమర్లకు కూడా ఈ పాఠం చెప్పిస్తే బాగుండును. లీకు లేకపోతే గ్యాస్ ఎక్కడికీ పోదు.

అన్నిటికంటే ముఖ్యమైన పాఠం చెప్పింది మాత్రం బయటి బోధకుడు కాదు, మా సంఘం అధ్యక్షులు. లీకు పరీక్షకు కొన్నిచోట్ల ఇప్పటికీ వెల్డింగ్ ఆక్సిజన్ వాడుతున్నారు. ఒత్తిడితో ఉన్న ఆక్సిజన్ కంప్రెసర్ ఆయిల్‌కు తగిలితే పేలుడే. నైట్రోజన్ సిలిండర్ మోయడం బరువని ఆక్సిజన్ వాడినట్టు తెలిస్తే సభ్యత్వం రద్దు చేస్తామని తరగతిలోనే ప్రకటించారు. అది విన్నాక ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

థియరీ పరీక్ష ట్యాబ్‌లో, తెలుగులోనే వచ్చింది. ఆ తెలుగు ఎలాంటిదంటే, ప్రశ్న అర్థం కాక కొందరు ఇంగ్లీషుకు మార్చుకున్నారు. ప్రాక్టికల్స్‌లో రాగి గొట్టం కోసి, అంచు గరుకు (బర్) తీసి, మూతి వెడల్పు చేసి (ఫ్లేర్ కొట్టి), లోపల నైట్రోజన్ పారిస్తూ ఒక అతుకు టార్చ్‌తో బ్రేజింగ్ చేయాలి. నైట్రోజన్ లేకపోతే గొట్టం లోపల నల్ల పొలుసు కట్టి, తరువాత క్యాపిలరీ అనే సన్న గొట్టంలో ఇరుక్కుంటుంది. ఆపైన వాక్యూమ్ 500 మైక్రాన్ల కిందికి దించి, పంపు ఆపాక ముల్లు నిలుస్తుందో లేదో చూపించాలి. పరీక్షకుడు నా ఫ్లేర్‌ను గోటితో తడిమి చూసి తల ఊపారు.

సర్టిఫికెట్ వచ్చాక ఆ ల్యాబు ఏఎంసీ నాకే దక్కింది. సంఘం పెద్దలు చెప్పడంతో ఒక నర్సింగ్ హోమ్ పని కూడా వచ్చింది. ఇళ్లలో రేటు ఒక్క రూపాయి పెరగలేదు, పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఒక విషయంలో సంఘాలతో నాకు పేచీ ఉంది. ఈ రంగంలో 1981 నుంచి ఉన్న ఇష్రే అనే సంఘం ముఖ్యంగా ఇంజనీర్లది, అక్కడి మాటలు మా హెల్పర్లకు అందవు. మా సంఘమేమో షాపు ఉన్నవాళ్లది. ఎత్తైన గోడల మీద అవుట్‌డోర్ యూనిట్ పట్టుకుని నిలబడే హెల్పర్‌కూ, యాప్‌ల ద్వారా పని చేసే కుర్రాళ్లకూ రెండు చోట్లా కుర్చీ లేదు. పూచీ ఉత్తరం అందరికన్నా వాళ్లకే అవసరం. సమావేశంలో ఈ మాట అంటే, "వాళ్లు నేర్చుకుని రేపు మన ఎదురుగానే షాపు పెడతారు" అన్నారొకరు. మీరూ అలాగే పెట్టారు కదండీ అన్నాను. కాసేపు గొడవైంది. చివరికి హెల్పర్లకు సగం రుసుముతో సభ్యత్వం ఇవ్వడానికి ఒప్పుకున్నారు, ఓటు హక్కు మాత్రం ఇవ్వలేదు. ఓటు సంగతి వచ్చే సర్వసభ్య సమావేశంలో మళ్లీ ఎత్తుతాను. ఈలోగా మీ దగ్గర పనిచేసే కుర్రవాళ్లుంటే మీ ఊరి సంఘంలో సంక్రాంతిలోపే పేర్లు ఇప్పించండి. సీజన్ మొదలైతే ఎవరికీ తీరిక ఉండదు.