మీ గాలికి వంక పెట్టలేదు చిన్నమ్మా

"ఆడ జీతానికి పోయినోడివి, ఈడికొచ్చి మా గాలికి వంకలు పెడతావా" అనేసింది చిన్నమ్మ, అదీ ఇంటికొచ్చిన చుట్టాలందరి ముందర. నేనన్నది ఒక్కటే, ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో మేము బొగ్గు లోడ్ చేసినాక ప్రతి వ్యాగన్ మీదా మందు నీళ్ళు కొట్టే పంపిస్తాము, ఈడ అట్లా కొట్టరా అని. రేణిగుంటలో పట్టాల పక్కనే వాళ్ళ ఇల్లు, పెళ్ళయి వచ్చిన కాడ్నుంచీ ఆ వసారా తుడస్తానే ఉండాది. ఆమె నొచ్చుకుంది, నేనూ నొచ్చుకున్నా, సెలవు అయిపోయి వచ్చేసినా ఆ మాట నన్ను వదల్లా, అందుకే రాస్తా ఉండా.

నేను చేసేది క్వీన్స్‌లాండ్‌లోనే మోరన్‌బా అనే ఊరి దగ్గర ఒక గనిలో, ట్రెయిన్ లోడౌట్‌లో, అంటే బండికి బొగ్గు నింపే చోట. పట్టాలకు పైన పెద్ద బిన్ ఉంటాది, దాని కింద బండి ఆగకుండా గంటకు ఒక కిలోమీటరు కూడా లేని స్పీడుతో పోతా ఉంటే మేము చ్యూట్, అంటే బొగ్గు జారే గొట్టం, దించి ఒక్కో వ్యాగన్ నింపుతాము. నూట ఇరవై వ్యాగన్ల బండి, 2 కిలోమీటర్ల పొడుగు, 10 వేల టన్నుల దాకా బొగ్గు, అదంతా 1,067 మిల్లీమీటర్ల గేజ్ మీద, అంటే మన బ్రాడ్ గేజ్ కంటే ఎంతో సన్నం. నిండినాక బొగ్గు పైన చదునుగా, పక్కలకు వాలుగా ఉండాల, కుప్పగా లేస్తే గాలికి ఎగిరిపోతాది. ఆ తర్వాత స్ప్రే. పాలిమర్ కలిపిన నీళ్ళు ఆరితే పాల మీద మీగడ మాదిరి పొర కడతాది, సముద్రం ఒడ్డున హే పాయింట్ రేవు చేరేదాకా దుమ్ము లేవడం బాగా తగ్గిపోతాది.

నేను చేరిన కొత్తల్లో ఒకసారి స్ప్రే పంపు ఆగిపోయింది. బండి నిలబెట్టేసినారు! బొగ్గు ఉంది, డ్రైవర్ ఉన్నాడు, రేవులో ఓడ కాచుకోనుంది, అయినా పంపు బాగయ్యేదాకా కదలనీలా, ఒక్కరు కూడా గొణగలా. ఎక్కడో పట్టాల పక్కన ఎవరో ఆరేసుకున్న బట్టల కోసం ఇంత పెద్ద బండి ఆగిందే అని ఆ రోజంతా అదే ఆలోచన నాకు. రేణిగుంటలో చిన్నమ్మ ఆరేసే బట్టలు గుర్తొచ్చినాయి. నేనేం గొప్పలకు పోయి అడిగినానా ఆమెను?

అట్లని క్వీన్స్‌లాండోళ్ళు మొదట్నుంచీ ఇంత పద్ధతిగా లేరు. పట్టాల పక్కనోళ్ళు దుమ్ము దుమ్ము అని ఫిర్యాదులు చేస్తే ప్రభుత్వ పర్యావరణ శాఖ రైల్వేని నిలదీసింది, 2008లో స్టడీ, 2010లో దుమ్ము తగ్గించే ప్లాన్, అట్లా వచ్చిందే ఈ స్ప్రే. ఇంకో సంగతి, గని కార్మికుల ఊపిరితిత్తులు నల్లబడే జబ్బు క్వీన్స్‌లాండ్‌లో ఎప్పుడో పోయిందనుకుంటా ఉంటే 2015లో మళ్ళీ బయటపడింది, ఎక్స్‌రేలు సరిగ్గా చూడకనే బాగుందని రాసేసినారని తేలి, ఆ ఫిల్ములు అమెరికా పంపించి చదివించాల్సి వచ్చింది. పీల్చే గాలిలో బొగ్గు దుమ్ము క్యూబిక్ మీటరుకు 3 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చనే లెక్కను 2020కి 1.5కి దించినారు. ఎవరో ఒకరు దగ్గితే, ఎవరో ఒకరు అరిస్తే వచ్చిన రూల్సే అన్నీ. శుభ్రత మీ రక్తంలోనే లేదు అని మనోళ్ళను ఎవరైనా అంటే నాకు అందుకే ఒళ్ళు మండుతాది.

మా చిన్నాయన రైల్వేలో ట్రాక్‌మన్‌గా చేసి రిటైరయినాడు. ఆయన ఏమన్నాడో తెలుసా, బొగ్గు పొడి దిగిన కంకర వానొస్తే బురద పడతాది, నీళ్ళు కిందికి పోవు, పట్టా కింద కంకర కూరి ఎంత ప్యాకింగ్ చేసినా పట్టా కుంగుతాది అని. సరిగ్గా ఇదే అమెరికాలో వయోమింగ్‌లో 2005లో రెండు బొగ్గు బండ్లు పట్టాలు తప్పినాక ఆడి రైల్వే చెప్పింది, 2011లో లోడింగ్ రూల్స్ కూడా పెట్టింది. మా చిన్నాయనకు గడ్డపార పట్టుకోని తెలిసిన సంగతి అది, ఆయన్ను అడిగినోళ్ళే లేరు.

ఇంక చిన్నమ్మ అనుకున్నట్టు రేణిగుంటలో పోయేది మా బొగ్గు కాదు. మాది ఉక్కు చేసే బొగ్గు, ఆ రకం విశాఖ స్టీల్‌కి వస్తాది. కృష్ణపట్నం రేవులో దిగేది కరెంటు తయారీకి కాల్చే బొగ్గు, ఒరిస్సా నుంచి పారాదీప్ మీదుగా ఓడల్లో వచ్చేది కూడా ఉండాది. 2019లో వెంకటాచలం, ఓబులవారిపల్లె మధ్య కొత్త లైన్ పడినాక కృష్ణపట్నం నుంచి ముద్దనూరు వైపు, ఆడి కరెంటు ఫ్యాక్టరీకి పోయే బండ్లు రేణిగుంట రాకుండానే పోవచ్చు, అయినా పై కప్పు లేని ఆ వ్యాగన్లు ఎవరో ఒకరి వాకిట్లోనే కదా పోయేది. మన దగ్గర వ్యాగన్‌లో బరువు ఎక్కువైతే రైల్వే ఫైన్ వేస్తాది, కాబట్టి బరువు చూస్తారు. దుమ్ముకు అట్లా వ్యాగన్ లెక్కన ఫైన్ వేసినట్టు నేనైతే వినలా.

చిన్నాయనతో ఫోన్లో మాట్లాడినా. రైల్వే డివిజన్ పెద్దాఫీసరు డీఆర్‌ఎంకు అర్జీ రాద్దామన్నా, రేవులో లోడ్ చేసేటప్పుడే పైన చదును చేయమని, బండి కదిలే ముందు స్ప్రే కొట్టమని. కంకర సంగతి ఆయన మాటల్లోనే రాయమన్నా, స్ప్రే ఎట్లా బిగిస్తారో ఫొటోల బదులు కాగితం మీద బొమ్మ గీసి నేను పంపిస్తా ఉండా.