రేకు మనిషి కన్నీళ్లు

లెక్కల్లో మార్కులు తగ్గాయని వారం రోజులుగా మావాడు "నాకేం రాదు నాన్నా" అంటున్నాడు, వింటుంటే నాకు ప్రాణం చివుక్కుమంటోంది. రాత్రి వాడికి ఓజ్ మాంత్రికుడి కథ చెప్పాను, ఫ్రాంక్ బామ్ 1900లో రాసింది. గుండె కావాలని బయల్దేరిన రేకు మనిషి, దారిలో పొరపాటున ఒక పురుగును తొక్కేసి ఏడుస్తాడు, ఆ కన్నీళ్లకి దవడలు తుప్పుపట్టి నోరే తెరవలేకపోతాడు. మెదడు లేదని బాధపడే దిష్టిబొమ్మేమో, అగాధం అడ్డొస్తే చెట్టు నరికి వంతెనలా వేద్దామంటుంది! మావాడు లేచి కూర్చున్నాడు. "అంటే దానికి ముందే మెదడు ఉందిగా నాన్నా, మరి తెలీదెందుకు?" నాకు గొంతు పట్టేసింది. చెట్టు నరికే ఘట్టం మళ్లీ చెప్పమన్నాడు. మూడుసార్లు చెప్పాను.